గ్రిప్పర్ నంబర్ 1 సులువే, నంబర్ 2 దగ్గరే ఆగిపోతున్నారా?

బ్రదర్, చేతి పట్టు పెంచే స్ప్రింగు గ్రిప్పర్లలో నంబర్ 1 పదిసార్లు నొక్కుతున్నా నంబర్ 2 మాత్రం పిడుల మధ్య అర అంగుళం మిగిలి ఆగిపోతోందన్నారు కదా. మీ బలంలో లోపం కాదది. కెప్టెన్స్ ఆఫ్ క్రష్ అనే ఈ గ్రిప్పర్ల బ్రాండులో నంబర్ 1 మూయడానికి 140 పౌండ్ల బలం కావాలి, నంబర్ 2కి 195. ఒకేసారి దాదాపు 25 కిలోల గెంతు! మధ్యలో 167.5 పౌండ్ల నంబర్ 1.5 ఉంది, వీలైతే అది తీసుకోండి.

మళ్లీ డబ్బులెందుకు అనుకుంటే, ఉన్న నంబర్ 2నే రెండు చేతులతో పూర్తిగా మూసి, ఒక చెయ్యి తీసేసి, తెరుచుకోకుండా ఐదు సెకన్లు బిగపట్టండి. చేతికి నాలుగైదు సార్లు చాలు.

పట్టు కూడా చూసుకోండి. ఒక పిడి బొటనవేలి మొదట్లోని కండకు ఆనాలి, చిటికెన వేలు రెండో పిడిని చుట్టుకోవాలి. నాకైతే ఆ చిటికెన వేలు జారడమే అసలు జబ్బు. జిమ్ చాక్ పొడి రాసుకున్నాక కుదిరింది.

టీవీ చూస్తూ రోజూ వందసార్లు నొక్కడం మాత్రం ఆపేయండి. దాంతో ఓపిక పెరుగుతుందేమో గానీ నంబర్ 2 మూతపడదు. వారానికి రెండు మూడు రోజులు చేయండి. మోచేయి లోపలివైపు నొప్పి మొదలైతే, తగ్గేదాకా గ్రిప్పర్ ముట్టుకోవద్దు. ప్రతిసారీ చివర్లో ఐదు వేళ్లకూ రబ్బరు బ్యాండు తొడిగి, వేళ్లను ఓ ఇరవైసార్లు బయటికి విప్పండి.