ముదిరిన క్యాన్సర్‌కు కీమో చేయించాలా, వద్దా?

ఈసారి ఉత్తరాలన్నీ విశాఖ, ఆ చుట్టుపక్కల నుంచే. అడిగిన తీరు వేరైనా సంగతి ఒకటే. రోగిని చూడకుండా మందు చెప్పడం మా పని కాదు. డాక్టరు గదిలోకి వెళ్లేముందు ఏం తెలుసుకుని వెళ్లాలో మాత్రం చెప్పగలం.

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. దగ్గు తగ్గడం లేదని స్కాన్ తీయిస్తే ఊపిరితిత్తిలో గడ్డ ఉందన్నారు. బయాప్సీలో అడినోకార్సినోమా (ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకం) అని వచ్చింది. కాలేయానికీ, నడుం దగ్గర వెన్నెముకకూ పాకిందట. సోమవారం నుంచి కీమో మొదలెడదాం అన్నారు. బాబాయి "ఈ వయసులో ఆయనకెందుకురా ఆ హింస" అంటున్నాడు. అక్కేమో చేయించాల్సిందే అని పట్టుబడుతోంది. నాన్నకి పూర్తిగా చెప్పలేదు. ఏం చెయ్యమంటారు? - గాజువాక

జవాబు: సోమవారంలోపు డాక్టరుగారిని ఒక మాట అడగండి: ఈజీఎఫ్ఆర్, ఆల్క్, రాస్1, పీడీ-ఎల్1 పరీక్షలకు (ఏ మందు సరిపడుతుందో గడ్డ ముక్కలో చూసేవి) పంపారా? మన దేశంలో ఈ రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవారిలో దాదాపు నాలుగో వంతు మందికి ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు కనబడుతుంది. వాళ్లకు వైద్యంలో ముఖ్యమైనది రోజూ ఇంట్లో వేసుకునే మాత్ర. కొందరికి దానికి కీమో కలుపుతారు. బయాప్సీ ముక్క చాలకపోతే రక్తంతోనూ ఈ పరీక్ష చేయొచ్చు. ఫలితానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. నాన్నగారు నిలకడగా ఉంటే ఆగొచ్చు. ఆయాసం పెరిగిపోతుంటే ఆగకుండా ఒక సైకిల్, అంటే ఒక విడత, కీమో ఇచ్చేస్తారు. అప్పుడు కూడా ఫలితం చేతికి రాకుండా ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు) కలపకపోవడమే మంచిది. అది పడిన వెంటనే ఈజీఎఫ్ఆర్ మార్పుకు వాడే ఆసిమెర్టినిబ్ మాత్ర మొదలుపెట్టాల్సి వస్తే ఊపిరితిత్తుల్లో వాపు వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

ఆ మార్పులేవీ లేవని తేలితే అప్పుడు కీమో సంగతి. మీ బాబాయిగారు వయసు చూస్తున్నారు. డాక్టర్లు చూసేది రోజులో మనిషి ఎంతసేపు లేచి తిరుగుతున్నాడన్నది. దీనికి 0 నుంచి 4 దాకా అంకెలున్నాయి. 0 అంటే ఎప్పటిలాగే ఉన్నారు. 1 అంటే బరువు పనులు చేయలేకున్నా తిరుగుతున్నారు. 2 అంటే స్నానం, భోజనం సొంతంగా చేసుకుంటారు, పగటిపూట సగానికి పైగా లేచే ఉంటారు. 3 అంటే సగానికి పైగా మంచమో కుర్చీయో. 4 అంటే పూర్తిగా మంచమే. 0, 1 ఉన్నవారికి కీమో మేలు చేసే అవకాశం ఎక్కువ. 2 ఉన్నవారికి మోతాదు తగ్గించి చూస్తారు. ఆ పైన ఉన్నవారికి, కొన్ని రకాల క్యాన్సర్లలో తప్ప, మేలు కంటే కీడే ఎక్కువ. ఆసుపత్రికి వచ్చిన రోజున రోగులు కాస్త హుషారుగా కనబడతారు, ఇంట్లోవాళ్లూ ఓ మెట్టు పెంచే చెబుతారు. అందుకని ముందురోజు ఉదయం నుంచి రాత్రి దాకా ఎన్ని గంటలు పడుకున్నారో కాగితం మీద రాసి తీసుకెళ్లండి.

లాభం ఎంత? ఈ జబ్బు మీద పాత కీమో మందులతో జరిగిన 16 పరిశీలనలను 2008లో కలిపి చూశారు. కీమో లేకుండా నొప్పికీ ఆయాసానికీ మాత్రమే మందులు వాడినవారిలో ఏడాది తర్వాత నూటికి 20 మంది ఉన్నారు. కీమో తీసుకున్నవారిలో 29 మంది ఉన్నారు. ఇప్పటి మందులతో, ముఖ్యంగా ఇమ్యునోథెరపీ సరిపడినవారిలో, ఫలితం దీనికన్నా మెరుగు. అయినా లెక్కను ఈ రూపంలోనే అడగండి: "మా నాన్నలాంటి వందమందిలో ఏడాదికి ఎంతమంది ఉంటారు, కీమోతో ఎంతమంది, లేకుండా ఎంతమంది?" 'రెస్పాన్స్ బాగుంటుంది' అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. రెస్పాన్స్ అంటే స్కాన్‌లో గడ్డ చిన్నదవడం. నయమవడం కాదు.

ఈ రకానికి తరచు ఇచ్చేది పెమెట్రెక్సెడ్, దానికి తోడు కార్బోప్లాటిన్, మూడు వారాలకోసారి. పెమెట్రెక్సెడ్ విషయంలో ఇళ్లలో జరిగే తప్పొకటుంది. మొదటి డోసుకు వారం ముందే ఫోలిక్ యాసిడ్ మాత్ర రోజూ మొదలవ్వాలి, బీ12 ఇంజక్షన్ 1000 మైక్రోగ్రాములు పడాలి. "బలం మాత్రలే కదా" అని మానేస్తే నోరంతా పుండ్లు పడతాయి, రక్తకణాలు దారుణంగా పడిపోతాయి. నడుం నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఐబూప్రొఫెన్‌లాంటి మాత్రలూ ఆపించండి. కిడ్నీలు కాస్త దెబ్బతిని ఉంటే, అవి వాడినప్పుడు పెమెట్రెక్సెడ్ బయటికి పోక విషమవుతుంది.

నడుం నొప్పిని వేరుగా చూపించండి. వెన్నెముకకు పాకిన నొప్పికి ఒక్క సిట్టింగులో 8 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్ చాలామందికి పనిచేస్తుంది. దీనికి కీమోతో సంబంధం లేదు, కీమో వద్దనుకున్నా చేయించుకోవచ్చు. కాళ్లలో తిమ్మిరి, బలహీనత, మూత్రం రాకుండా ఆగిపోవడం కనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకండి. వెన్నుపాము నొక్కుకుపోతుంటే గంటలు లెక్క. అప్పటికే పడిపోయిన కాళ్లు మళ్లీ లేవడం అరుదు.

ఇక ఇంట్లో తగాదాకి మా సలహా: ఆరు సైకిళ్లకు అవునో కాదో ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. రెండు సైకిళ్లకు ఒప్పుకోండి, ఆ తర్వాత సీటీ తీయించండి. ఎప్పుడు ఆపాలో మొదటి డోసుకు ముందే డాక్టరుతో కలిసి రాసుకోండి: గడ్డ పెరిగితే, ఆసుపత్రిలో చేర్చాల్సినంత ఇబ్బంది రెండుసార్లు వస్తే, మంచంమీద గడిపే సమయం సగం దాటితే, లేదా ఆయనే "ఇక చాలు" అంటే. ఇదంతా ఆయనకు తెలియకుండా ఎలా? సమ్మతి పత్రం మీద సంతకం ఆయనదే. "నాన్నా, రిపోర్టుల గురించి నీకు అంతా చెప్పమంటావా, మమ్మల్ని చూసుకోమంటావా?" అని అడగండి. రెండో మాట అన్నా అది ఆయన నిర్ణయమే అవుతుంది.

ప్రశ్న: అమ్మకు 59. క్లోమగ్రంథి క్యాన్సర్, కాలేయానికి పాకింది. పచ్చకామెర్లు, బిలిరుబిన్ (కామెర్లను చూపే రక్తపరీక్ష) 9. ఎక్కువగా పడుకునే ఉంటోంది. ఇప్పుడు కీమో ఇవ్వలేం అన్నారు. హైదరాబాద్ తీసుకెళ్లమంటారా? - మధురవాడ

జవాబు: ఇవ్వలేం అన్నది సరైన మాటే. దాని వెనకాల 'ఇప్పుడు' ఉందని మరవకండి. పైత్యరస నాళం మూసుకుపోతే చాలా కీమో మందులు ఒంట్లోంచి సరిగా బయటికి పోవు. ముందు ఎండోస్కోపీతో నాళంలో స్టెంట్, అంటే దారి తెరిచి ఉంచే సన్నని గొట్టం, పెట్టించే వీలుందేమో అడగండి. బిలిరుబిన్ దిగడానికి కొన్ని వారాలు పడుతుంది. దురద, వాంతులు తగ్గి, తిండి పడి, ఆవిడ లేచి తిరిగితే అప్పుడు మళ్లీ ఆలోచించవచ్చు. లేవకపోతే స్టెంట్‌తో వచ్చిన ఉపశమనమే లాభం.

ఇంటర్నెట్‌లో మీరు చూసే లెక్క 2011 నాటి ఫ్రాన్స్ పరిశీలనది అయ్యుండొచ్చు: నాలుగు మందుల కీమో ఫోల్ఫిరినాక్స్‌తో సగం మంది బతికింది 11.1 నెలలకు పైగా, ఒక్క జెమ్‌సైటబిన్ మందుతో 6.8 నెలలకు పైగా. అందులో చేర్చుకున్నది పై జవాబులో చెప్పిన 0, 1 స్థితిలో తిరుగుతున్నవారినే. మీ అమ్మగారికి ఆ లెక్క వర్తించదు.

రెండో అభిప్రాయం తీసుకోండి, కానీ ఆవిణ్ని రాత్రంతా రైల్లో కూర్చోబెట్టక్కర్లేదు. బయాప్సీ స్లైడ్లు, ఆ ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాక్, స్కాన్ సీడీ, తాజా రక్తపరీక్షలు పట్టుకుని ఒకరు వెళితే చాలాచోట్ల సరిపోతుంది. ముందు ఫోన్ చేసి కనుక్కోండి. హైదరాబాద్‌కు ముందు, టాటా మెమోరియల్ కిందే నడిచే అగనంపూడి హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి మీ ఊళ్లోనే ఉంది.

ప్రశ్న: మా పెద్దమ్మకు రొమ్ము క్యాన్సర్ ఎముకలకు వచ్చింది. ఈఆర్ పాజిటివ్ (హార్మోన్‌తో పెరిగే రకం), హెర్2 నెగెటివ్ (హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా లేని రకం) అని రిపోర్టు. మేం పాడేరు దాటి లోపల ఉంటాం. కీమో అయితే మధ్యలో ఏమైనా జరిగితే ఘాట్ దిగి విశాఖ రావాలి. భయంగా ఉంది. - అల్లూరి జిల్లా

జవాబు: మీ భయంలో న్యాయముంది. కీమో పడిన ఏడో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య తెల్లకణాలు అట్టడుక్కి పోతాయి. అప్పుడు 100.4 ఫారెన్‌హీట్ జ్వరం వస్తే అది మామూలు జ్వరం కాదు. ఆసుపత్రికి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కాలి. పారాసెటమాల్ వేసి పడుకోబెడితే జ్వరం దాగుతుంది, ఇన్ఫెక్షన్ దాగదు. ఆ వారం ఎవరైనా చుట్టాల ఇంట్లో విశాఖలో ఉండగలరా అన్నది మీ నిర్ణయంలో భాగమే.

మీ పెద్దమ్మగారి రిపోర్టును బట్టి చూస్తే అసలు మొదటే కీమో అవసరం లేకపోవచ్చు. ఈఆర్ పాజిటివ్ ఉండి, జబ్బు ఎముకల్లోనే ఉండి, కాలేయమో ఊపిరితిత్తులో వేగంగా దెబ్బతినకపోతే హార్మోన్ మాత్రలతో మొదలుపెడతారు: లెట్రొజోల్, దానికి తోడు క్యాన్సర్ కణాల పెరుగుదలను ఆపే పాల్బోసిక్లిబ్‌లాంటి మాత్ర. పాల్బోసిక్లిబ్ పేటెంట్ 2023 జనవరిలో ముగిశాక మన కంపెనీల మందులొచ్చి ధర బాగా దిగింది. 21 రోజులు వేసి 7 రోజులు ఆపుతారు. మొదటి రెండు నెలలు రెండు వారాలకోసారి రక్తపరీక్ష తప్పనిసరి, శాంపిల్ పాడేరులో ఇచ్చి ఫలితం డాక్టరుకు పంపొచ్చు. తెల్లకణాలు దీనితోనూ తగ్గుతాయి, కానీ జ్వరందాకా వెళ్లడం అరుదు. ఎముకలకు జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజక్షన్ అంటే దానికి ముందు పళ్లు చూపించండి. ఇంజక్షన్లు మొదలయ్యాక పన్ను పీకిస్తే దవడ ఎముక మానకుండా మొండికేస్తుంది.

ప్రశ్న: నాలుగు సైకిళ్లయ్యాక మా ఆయన చాలన్నారు. ఇక మమ్మల్ని ఎవరూ పట్టించుకోరా? - మల్కాపురం

జవాబు: పట్టించుకోవాలి. అడగాల్సిన విభాగం పాలియేటివ్ కేర్, అంటే నొప్పి, ఆయాసంలాంటి బాధలు తగ్గించే వైద్యం. దీన్ని ఆఖరి రోజుల వైద్యం అనుకోవడం మనవాళ్లలో ఇంకా పోలేదు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో మొదటినుంచీ ఈ వైద్యం జతచేస్తే ఏమవుతుందని అమెరికాలో చూసి 2010లో ప్రచురించారు. బాధ తగ్గింది, ఆఖర్న అనవసరపు వైద్యాలు తగ్గాయి, ఆయుష్షు 8.9 నెలల నుంచి 11.6కి పెరిగింది కూడా.

నొప్పి ఎక్కువగా ఉంటే మార్ఫిన్ మాత్రకు జంకకండి. నొప్పికి, డాక్టరు చెప్పిన మోతాదులో వాడినంతవరకు అలవాటు పడిపోతారన్న భయం అక్కర్లేదు. మామూలు మాత్ర పనిచేసేది సుమారు నాలుగు గంటలే. అందుకే నొప్పి వచ్చేదాకా ఆగకుండా గడియారం చూసి ఇవ్వాలి. మగత, వికారం కొద్ది రోజుల్లో తగ్గుతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, కాబట్టి విరేచనం మాత్ర మొదటి రోజునుంచే పక్కన ఉండాలి. విరేచనం మాత్ర సరిగా ఇవ్వనందుకే చాలా ఇళ్లలో మార్ఫిన్ మానేస్తారు. 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించాక గుర్తింపు ఉన్న ఆసుపత్రులు మార్ఫిన్ నిల్వచేసి ఇవ్వడం సులువైంది. మాత్రలు అయిపోవడానికి నాలుగైదు రోజుల ముందే ఓపీకి వెళ్లండి. వీధి చివర షాపులో ఇది దొరకదు.