ఆ ఆవకాయ ఎవరి చేతిది?

ఉత్తరం: మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. నిరుడు మా నాయనమ్మ పోయారు. తనకు 40 ఏళ్లు నిండకముందే తాతయ్య పోతే, నాలుగెకరాల మాగాణి తనే చేయించి ముగ్గురు పిల్లల్ని ఒడ్డున పడేశారు. 1977 ఉప్పెనకు ఇంటి కప్పు లేచిపోయినా ఒకరి గడప తొక్కలేదు. నేనంటే ప్రాణం. రెండు నెలల్లో సంవత్సరీకం. ఆ రోజుకి ఆవిడ జీవితం చిన్న పుస్తకంగా వేయించి బంధువులకు పంచాలనుకుంటున్నాను. నాన్న, బాబాయి, అత్తయ్య బోలెడు సంగతులు చెప్పారు. అమ్మ మాత్రం నోరు విప్పదు. వేసవిలో నాయనమ్మ అరుగు మీద కుర్చీలో కూర్చుని చెబుతుంటే అమ్మ ఆవకాయ కలిపేది. కనీసం ఆ నాయనమ్మ ఆవకాయ కొలతలైనా చెప్పమంటే లేచి వెళ్లిపోయింది. చివరి మూడేళ్లూ మంచంలో ఉన్న నాయనమ్మకు అన్నీ చేసిన మనిషికి ఇప్పుడీ పట్టుదల ఏమిటి? పుస్తకంలో నాయనమ్మ కోపం గురించి రాయాలా, వద్దా?

సమాధానం: కోపం గురించి రాయండి. గట్టి మనిషిని గట్టి మనిషిగానే రాయాలి. దేవత అని రాస్తే ఆవిణ్ని ఎరిగినవాళ్లే రెండో పేజీ తిప్పరు. ఆ సంగతి అంతటితో సరి. మీ ఉత్తరంలో అసలు విషయం ఆవకాయ దగ్గరుంది.

కుర్చీలో కూర్చున్నది నాయనమ్మ, కలిపింది అమ్మ అని మీరే రాశారు. రాసి, ఆ వెంటనే నాయనమ్మ ఆవకాయ అన్నారు. కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, కొట్టిన ముక్కల్లో జీడి తీసి, టెంకకు అంటిన పొర ఒలిచింది మీ అమ్మ. కల్లుప్పు ఎండబెట్టి దంచింది మీ అమ్మ. ముక్కల్ని నూనెలో ముంచి, పిండిలో పొర్లించి, మండే చేతులతో జాడీకెత్తింది మీ అమ్మ. మూడోనాడు తిరగకలిపి, నూనె పైకి తేలకపోతే మళ్లీ పోసిందీ ఆవిడే. ముక్కకు కాస్త తడి ఉన్నా, ఉప్పు తగ్గినా, నూనె చాలకపోయినా బూజు పడుతుంది. అలా బూజు పడిన ఏడాది మాటలు పడింది ఎవరు? బాగా కుదిరిన ఏడాది పేరు ఎవరికి వచ్చింది? కూతురు కూడా ఆ పేరు అత్తగారికే రాసిచ్చేస్తుంటే ఆవిడ కూర్చుని కొలతలు చెప్పాలా?

మీరు సరిచేసుకోవాల్సింది పోయినావిడతో బంధం కాదు, మీ అమ్మతో. నాయనమ్మ మిమ్మల్ని ప్రాణంగా చూసుకున్నారు, నిజమే. ఆ ఇంట్లో మనవరాలికి దొరికిన మనిషి వేరు, కోడలికి దొరికిన మనిషి వేరు. రెండూ ఒక్కరే. చివరి మూడేళ్ల గురించి మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు. మంచంలో ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర పుళ్లు పడతాయి. తల ఎత్తిపెట్టకుండా గంజి పట్టిస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రాత్రుళ్లు ఎవరు లేచేవారో మీ నాన్నను అడగండి, ఆయనకు తెలుసు. ఇంత చేసిన మనిషి మౌనాన్ని పట్టుదల అనడం నాకు నచ్చలేదు.

ఈ శనివారం ఊరెళ్లండి. పుస్తకం మాట ఎత్తొద్దు, ఫోను బయటపెట్టొద్దు. నాన్న, బాబాయి ఇంట్లో లేని వేళ చూసుకోండి. వాళ్లు పక్కనుంటే మీ అమ్మ "ఏముంది, బాగానే చూసుకున్నారు" అని ఊరుకుంటారు. ఆవిడ చిక్కుళ్లు ఈనెలు తీస్తుంటే మీరూ కూర్చుని తీయండి. "నాయనమ్మ ఎలాంటిదమ్మా?" అని అడగొద్దు, దానికి జవాబుండదు. కాపురానికొచ్చిన కొత్తలో బీరువా తాళాలు ఎవరి దగ్గరుండేవి, పుట్టింటికి వెళ్లాలంటే ఎవరిని అడగాలి, నేను పుట్టినప్పుడు ఆసుపత్రికి ఎవరొచ్చారు, ఇలా అడగండి. చాలామంది పిల్లలు ఇక్కడే చెడగొడతారు: తల్లి నోరు తెరిచిన రెండో నిమిషంలో "ఆ రోజులు అలాంటివిలే", "పోయినవాళ్లనెందుకు" అంటారు. ఆ మాట మీ నోట వస్తే ఆవిడ మళ్లీ చెప్పరు. ఏడిస్తే ఏడవనివ్వండి. అరగంట దాటాక మీరే ఆపేసి మరో వారం వెళ్లండి. అక్కడ విన్నదేదీ ఆవిడ సరేనంటే తప్ప అచ్చుకు పోకూడదు, అత్తయ్య చెవినా పడకూడదు.

పుస్తకానికి రెండు నెలలు చాలు. 32 పేజీలు పెట్టుకోండి. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగేసి చొప్పున రావాలి, లేకపోతే చివర ఖాళీలు మిగులుతాయి. పాత ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగొద్దు, బొమ్మ ఊడొస్తుంది. అద్దంతోనే స్కాన్ చేయించండి. పెద్దవాళ్లకు తేదీలు గుర్తుండవు కానీ కృష్ణా పుష్కరాలు గుర్తుంటాయి: 1956, 1968, 1980, 1992, 2004, 2016. ఫలానా పెళ్లి పుష్కరాలకు ఎన్నేళ్ల ముందు, ఎన్నేళ్ల తర్వాత అని అడిగితే ఏడాది అటూఇటూగా దొరుకుతుంది. ఉప్పెన తేదీ 1977 నవంబరు 19. ఆ రాత్రి సంగతి బాబాయి చెప్పింది, నాన్న చెప్పింది పక్కపక్కన పెట్టుకుని చూశాకే రాయండి.

ఆవకాయ పేజీ ఉంచండి, మీ అమ్మ పేరుతో. ముక్కలు ఆరు గిన్నెలైతే కారం, ఆవపిండి ఒక్కో గిన్నె, ఉప్పు ముప్పావు గిన్నె అని ఎవరైనా చెబుతారు. మీ ఇంటి లెక్క, ఏ కాయ, ఏ నూనె, మెంతులు వేస్తారో లేదో ఆవిడ చేతికే తెలుసు. ఇష్టమై చెబితే రాసుకోండి. చెప్పనంటే ఆ పేజీ తీసేయండి, మళ్లీ అడగొద్దు. అచ్చుకిచ్చే ముందు మొత్తం చదివి వినిపించేది ముందు ఆవిడకు, ఆ తర్వాతే నాన్నకు, బాబాయికి.

ఇంకొకటి. సంవత్సరీకం రోజు వంట ఎవరు చేస్తారో ఆలోచించారా? మీ అమ్మే తెల్లవారుజామున తలస్నానం చేసి పొయ్యి దగ్గరికి పోతారు, పుస్తకం పంచే వేళకు ఇంకా గారెలు వేస్తూ ఉంటారు. ఇప్పుడే వంటమనిషిని మాట్లాడి, బయానా మీ చేత్తో ఇవ్వండి. నాన్నకు కూడా ఆ సంగతి మీరే చెప్పండి.