210 గంటల సీపీఎల్‌తో బోట్స్వానాలో బుష్ పైలట్ ఉద్యోగం దొరుకుతుందా? నా అనుభవం

తమ్ముడూ, నువ్వడిగింది ఇదీ: డీజీసీఏ (మన విమానయాన సంస్థ) ఇచ్చిన సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు ఉంది, ఎగిరిన గంటలు 210 ఉన్నాయి, పెద్ద విమానం నడపడానికి కావాల్సిన టైప్ రేటింగ్‌కి డబ్బుల్లేవు, బోట్స్వానా, నమీబియాల్లో చిన్న విమానాలతో అడవుల్లోకి జనాన్ని చేరవేసే (బుష్ ఫ్లయింగ్) కంపెనీలకి ముప్ఫై మెయిళ్ళు పెడితే ఒక్కళ్ళూ పలకలేదు, టికెట్ కొనుక్కుని వెళ్ళిపోవచ్చా అని. వెళ్ళొచ్చు. నేను వెళ్ళింది 232 గంటలతో, 2017 జనవరిలో. పదకొండు వారాలు తిరిగితే ఆఫర్ వచ్చింది, ఇంకో నాలుగు నెలలకి వర్క్ పర్మిట్ వచ్చింది, 2020 మార్చిలో కోవిడ్‌కి బోర్డర్లు మూసేదాకా అక్కడే ఎగిరా. కాబట్టి ఇదంతా విన్నది కాదు, పడింది.

మెయిళ్ళ సంగతి ముందు చెప్తా. ఆ మెయిళ్ళు ఎవరూ చదవరు, చదవకపోవడం పొగరు కూడా కాదు. అక్కడ చీఫ్ పైలట్ అంటే ఏసీ గదిలో కూర్చునే మనిషి కాదు, పొద్దున్నే తనూ ఒక ట్రిప్పు కొట్టొచ్చి, మధ్యాహ్నం కొత్త కుర్రాణ్ణి చెక్ చేసి, సాయంత్రం రేపటి ప్రోగ్రాం చూసుకునే మనిషి, ప్రపంచం నలుమూలల నుంచీ 200 గంటలోళ్ళ సీవీలు రోజూ వచ్చి పడుతుంటాయి, అందులో నీదెందుకు తెరవాలి? గుమ్మంలో నిలబడ్డవాణ్ణి మాత్రం చూడక తప్పదు కదా. అందుకే అందరూ బోట్స్వానాలో మౌన్ అనే ఊరికి వెళ్ళి కూర్చుంటారు.

మౌన్ ఎందుకంటే ఒకావాంగో డెల్టాకి అదే గుమ్మం. అంగోలా కొండల్లో పడిన వాన నెలల తరబడి మెల్లగా నడిచొచ్చి, ఇక్కడ చుక్క వాన లేని జూన్, జులై నెలల్లో డెల్టాని నింపుతుంది, సముద్రంలో కలవదు, చాలావరకు ఎండకి ఆవిరైపోతుంది, కొంత ఎడారి ఇసకలో ఇంకిపోతుంది. ఆ నీళ్ళ మధ్య దీవుల మీద క్యాంపులు, చాలావాటికి సరైన రోడ్డు లేదు, టూరిస్టుని దింపాలన్నా వెనక్కి తేవాలన్నా చిన్న విమానమే దిక్కు. సెస్నా 206, 210, ఎయిర్‌వాన్, కారవాన్, ఎక్కువగా ఇవే. మాక్ ఎయిర్, మోరెమి ఎయిర్, కవాంగో ఎయిర్, మేజర్ బ్లూ, వైల్డర్‌నెస్ ఎయిర్, అందరి ఆఫీసులూ ఎయిర్‌పోర్టు చుట్టుపక్కలే, నడిచే ఒక్క పూటలో అన్నీ తిరగొచ్చు. నమీబియాలో అయితే విండ్‌హుక్ ఊళ్ళో ఉండే ఈరోస్ ఎయిర్‌పోర్టు అలాంటి అడ్డా, అక్కడా తిరిగా రెండు వారాలు, పర్మిట్ మాట ఎత్తగానే మొహాలు మారిపోయేవి, వదిలేశా.

ఎప్పుడు వెళ్ళాలి అంటే, టూరిస్టుల సీజను సుమారు మే, జూన్ నుంచి అక్టోబరు దాకా. సీజన్ అయ్యాక గంటలు నిండినోళ్ళు ఎయిర్‌లైన్లకి వెళ్ళిపోతారు, ఆ ఖాళీలు నింపుకుని సీజన్ లోపు ట్రైనింగ్ అవగొట్టుకోవాలని కంపెనీలు చూస్తాయి, కాబట్టి డిసెంబరు నుంచి మార్చి మధ్య ఊళ్ళో ఉండాలి నువ్వు. ఆగస్టులో వెళ్తే నీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. వీసా మాత్రం ఇండియా నుంచే తీసుకుని వెళ్ళు.

నేను ట్రైనింగ్ చేసింది జోహానెస్‌బర్గ్ పక్కన లాన్సేరియాలో, అందుకని బస్సులో గాబరోన్, అక్కణ్ణుంచి రాత్రంతా ఇంకో బస్సులో మౌన్. మధ్యలో పశువుల రోగాల కోసం వేసిన కంచె దగ్గర బస్సు ఆపి అందర్నీ దింపుతారు, మందు నీళ్ళల్లో నానిన గోనె మీద చెప్పులు అద్దుకుని అవతలికి నడవాలి. తెల్లారుజామున నిద్రమొహంతో ఆ గోనె తొక్కుతూ, బ్యాగులో ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నాలుగు గీతల భుజకీర్తులు పెట్టుకొచ్చిన నా తెలివికి నాకే నవ్వొచ్చింది. అవి వాడలేదులే, నువ్వూ తీసుకెళ్ళకు. మామూలు చొక్కా, నిక్కరు, శుభ్రంగా ఉంటే చాలు.

ఉండటానికి తమలకానే నది ఒడ్డున ఓల్డ్ బ్రిడ్జ్ బ్యాక్‌ప్యాకర్స్ అని ఉంది, అక్కడ టెంటు వేసుకున్నా. ఉద్యోగం వెతుక్కునే పైలట్లు అక్కడ ఎప్పుడూ ఉంటారు, ఉద్యోగం దొరికినోళ్ళు సాయంత్రం అక్కడికే బీరుకొస్తారు, ఎవరు మానేస్తున్నారు, ఏ కంపెనీకి కొత్త విమానం వస్తోంది అన్నీ ఆ బల్లల దగ్గరే తెలుస్తాయి. మూడు లక్షలు తీసుకెళ్ళా, తిరుగు టికెట్ డబ్బులు వేరే పెట్టి మరీ, పదకొండో వారానికి ఆ మూడు లక్షల్లో మిగిలింది పన్నెండు వేలు. ఇప్పుడైతే ఇంకా ఎక్కువే కావాలి. తిండి విషయంలో దిగులు పడకు, పాప్ అని మొక్కజొన్న పిండితో చేస్తారు, మన సంకటి తెల్లగా ఉంటే ఎలా ఉంటుందో అలా, పచ్చడి సీసా ఉంటే లాగించేయొచ్చు.

ఇక హ్యాంగర్ల చుట్టూ తిరగడం. వారానికి ఒకసారి చాలు, రోజూ వెళ్తే విసుక్కుంటారు. లోపలికెళ్ళగానే సీవీ తియ్యకు, ముందు "దుమెలా మ్మా" అనో "దుమెలా రా" అనో పలకరించు, ఆడవాళ్ళకి మ్మా, మగవాళ్ళకి రా. అక్కడి భాషలో "రా" అంటే మన రా కాదు, అయ్యగారూ అన్నట్టు మర్యాద, మొదట్లో నాకు నోరే రాలేదు పెద్దాయన్ని పట్టుకుని రా అనడానికి. పలకరించకుండా పని మాట ఎత్తితే మొరటు అనుకుంటారు. రిసెప్షన్‌లో ఉండే ఆవిడకి నీ పేరు గుర్తుండటం ఎంత ఉపయోగమో తర్వాత తెలిసింది, నన్ను చీఫ్ పైలట్ దగ్గరికి పంపించింది ఆవిడే, అతను ఖాళీగా ఉన్న పది నిమిషాలు చూసి.

ఆయన 206 రెక్క కింద నీడలో నిలబడున్నాడు. గంటలెన్ని అని అడగలేదు. "బరువెంత నువ్వు?" అన్నాడు. 74 కిలోలన్నా. ఒక కాగితం ఇచ్చి, ఐదుగురు టూరిస్టులు, ఒక్కొక్కరికి 20 కిలోల బ్యాగు, 38 డిగ్రీల ఎండ, ఇసక స్ట్రిప్పు (చిన్న రన్‌వే), వెళ్తావా అన్నాడు. ఎదురుగా విమానంలో సీట్లు ఆరు కనిపిస్తున్నాయి, నాది తీసేస్తే సరిగ్గా ఐదు. వెళ్తానని నోటిదాకా వచ్చింది, ఎందుకో ఆగి లెక్క వేశా. 206 గరిష్ఠ బరువు 1,633 కిలోలు. ఖాళీ విమానం 1,050 దాకా ఉంటుంది, నేను 74, మనుషులు సగటున 80 చొప్పున 400, బ్యాగులు 100. మొత్తం 1,624. అంటే పెట్రోలుకి మిగిలింది తొమ్మిది కిలోలు! అవ్‌గ్యాస్, అంటే ఈ విమానాల పెట్రోలు, లీటరు 0.72 కిలో, గంటకి అరవై లీటర్ల దాకా తాగుతుంది, ఆ తొమ్మిది కిలోలతో పావుగంట కూడా ఎగరలేం. నలుగురైతే వెళ్తా, ఐదో మనిషీ బ్యాగూ ఇంకో విమానంలో అన్నా. "వాళ్ళు హనీమూన్ జంట, ఒకరు వెనక వస్తే ఏడుస్తారు" అన్నాడు నవ్వకుండా. ఏడవనివ్వండి అన్నా. అదే ఇంటర్వ్యూ అని నాకు రెండ్రోజుల తర్వాత ఫ్లైట్ చెక్‌కి (విమానం నడిపి చూపించే పరీక్షకి) పిలిచినప్పుడు గానీ అర్థం కాలేదు. నాకంటే ఎక్కువ గంటలున్న ఒకతను అదే ప్రశ్నకి "మేనేజ్ చేస్తా" అన్నాడట, పిలుపు రాలేదు.

పైగా ఆ లెక్క కాగితం మీద బరువుకే. ఎండ లెక్క వేరే ఉంది. మౌన్ 3,093 అడుగుల ఎత్తులో ఉంది, 38 డిగ్రీలప్పుడు గాలి పలచబడి, ఇంజిన్‌కీ రెక్కకీ అది దాదాపు 6,500 అడుగుల ఎత్తుతో సమానం. పొద్దున ఏడింటికి హాయిగా లేచిన విమానమే మధ్యాహ్నం రెండింటికి అదే బరువుతో ఇసకలో పాకుతూనే ఉంటుంది, చెట్లు దగ్గరవుతూనే ఉంటాయి. స్ట్రిప్పులో ఎంత దూరం దాటేలోపు ఎంత స్పీడు రాకపోతే ఆపెయ్యాలో టేకాఫ్ పరుగు మొదలెట్టకముందే అనుకోవాలి, నేను ఒక చెట్టునో గాలిసంచి స్తంభాన్నో గుర్తు పెట్టుకునేవాణ్ణి.

లైసెన్సు, పర్మిట్ గురించి. ఏ దేశం లైసెన్సు తెచ్చినా బోట్స్వానా ఏవియేషన్ అథారిటీ చేతి మీదుగా పోవాల్సిందే, నా చేత ఎయిర్ లా పరీక్ష రాయించారు. అది పెద్ద కష్టం కాదు. అసలు గోడ వర్క్ పర్మిట్. ఈ పనికి మా దేశపు పైలట్ దొరకలేదు అని కంపెనీ చూపించాలి, స్థానికులకే ముందు, అందులో తప్పేం లేదు, వాళ్ళ ఆకాశం. ఆ కాగితం వచ్చేదాకా నేను తెనాలిలో ఇంట్లో కూర్చున్నా నాలుగు నెలలు, చుట్టాలందరికీ "వస్తుంది వస్తుంది" అని చెప్పుకుంటూ. ఈలోపు ఎవరైనా "పర్మిట్ తర్వాత చూద్దాం, ఊరికే ఖాళీ విమానం అక్కడ దింపిరా" అంటే చచ్చినా ఒప్పుకోకు. నన్ను ఒక చిన్న కంపెనీవాళ్ళు అలాగే అడిగారు, పేరు అనవసరం. విజిటర్ వీసా మీద పని చేస్తూ దొరికితే దేశం నుంచి పంపించేస్తారు, ఆ రోజు ఏదైనా అయితే ఇన్సూరెన్సూ ఉండదు. అలాగే హైదరాబాద్‌లో కూర్చుని "ఆఫ్రికాలో ప్లేస్‌మెంట్ గ్యారంటీ" అనే ఏజెంట్లని నమ్మకు, నా బ్యాచ్‌మేట్ ఒకడు రెండు లక్షలిచ్చాడు, అతనికి దొరికింది ఒక ఈమెయిల్ అడ్రసుల జాబితా.

నీ 210 గంటల్లో సెస్నా 206 కానీ సెస్నా 210 కానీ నడిపినవి ఉన్నాయా? లేకపోతే వెళ్ళేముందు సౌతాఫ్రికాలోనో ఎక్కడో ఐదారు గంటలైనా 206 మీద ఎగిరి వెళ్ళు, ట్రైనింగ్ విమానం సెస్నా 172 మీద నుంచి నేరుగా వచ్చినోడికీ ఇది తాకినోడికీ ఫ్లైట్ చెక్‌లో తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ముఖ్యంగా వేడి ఇంజిన్ స్టార్ట్ చెయ్యడం నేర్చుకో. నా మూడో వారంలో ఒక క్యాంపు స్ట్రిప్పులో జనాన్ని దింపి, కొత్తవాళ్ళని ఎక్కించుకుని పది నిమిషాల్లో స్టార్ట్ కొడితే పలకలేదు. ఆ కాంటినెంటల్ ఇంజిన్‌కి ఎండలో ఆగగానే గొట్టాల్లో పెట్రోలు ఆవిరైపోతుంది, నువ్వెంత క్రాంక్ చేసినా సిలిండర్లకి అందేది ఆవిరే. నేను కంగారులో మళ్ళీ మళ్ళీ తిప్పి బ్యాటరీ సగం చంపేశా, వెనక నలుగురు జర్మన్లు చెమటలు కక్కుతూ ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నారు, ఆ నిశ్శబ్దం ఇప్పటికీ గుర్తుంది. చివరికి రేడియోలో అటుగా పోతున్న సీనియర్ చెప్పాడు: అందర్నీ దింపి నీడలో కూర్చోబెట్టు, మిక్స్చర్ (ఇంజిన్‌కి పెట్రోలు వదిలే మీట) పూర్తిగా మూసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, బూస్ట్ పంప్ (కరెంటు పెట్రోలు పంపు) ఒక నిమిషం వెయ్యి, చల్లటి పెట్రోలు తిరిగి ఆవిరిని ట్యాంకులోకి తోసేస్తుంది, తర్వాత మామూలుగా స్టార్ట్ చెయ్యి అని. రెండో తిప్పుకే అందుకుంది. మీ విమానం మాన్యువల్‌లో ఉన్నదే చెయ్యాలనుకో, ఇంజిన్‌ని బట్టి మారుతుంది.

స్ట్రిప్పు మీదికి ఏనుగులు వస్తాయా అని కూడా అడిగావు. నిజమే, వస్తాయి. దిగేముందు స్ట్రిప్పు మీద ఒకసారి తక్కువ ఎత్తులో పోయి చూసుకుంటాం, క్యాంపు గైడు కూడా జీపులో అటూ ఇటూ తిరిగి జంతువుల్ని తోలి పెడతాడు. నాకు ఏనుగుల కంటే జింకలంటేనే భయం, ఏనుగు కనపడుతుంది.

జీతం అద్దెకీ తిండికీ పోగా కొంచెం మిగిలేది, లోన్ తీర్చేంత కాదు, మా నాన్న రెండేళ్ళు ఈఎంఐ కట్టాడు. కానీ సీజన్‌లో నెలకి 70, 80 గంటలు పడేవి, రోజుకి ఏడెనిమిది ల్యాండింగులు, అన్నీ నువ్వే కమాండర్. 900 గంటలకి కారవాన్ మీదికి వేశారు. తిరిగొచ్చేసరికి లాగ్‌బుక్‌లో 1,800 దాటాయి, ఇండియాలో ఏటీపీఎల్‌కి (ఎయిర్‌లైన్ కెప్టెన్‌కి ఉండాల్సిన లైసెన్సు) కావాల్సింది 1,500. ఒక్కటి, డీజీసీఏ క్లాస్ 1 మెడికల్ (పైలట్ ఆరోగ్య సర్టిఫికెట్) లాప్స్ అవ్వనివ్వకు అక్కడున్నన్నాళ్ళూ, నేను అశ్రద్ధ చేసి వచ్చాక నెలలు పోగొట్టుకున్నా.

నువ్వు డిసెంబరు మూడో వారంలో వెళ్తానన్నావు, క్రిస్మస్‌కి సగం మంది సెలవులో ఉంటారు, జనవరి మొదటి వారానికి టికెట్ చూసుకో. ఇంతకీ అన్నీ రాశావు గానీ నీ బరువెంతో రాయలేదు.