పోలీసు నియామకాల్లో డేటా విశ్లేషణ: రాజీనామాలకంటే ముందు లెక్కించవలసినవి

విశాఖ పోలీసు సిబ్బందిలో ఎవరు ఉద్యోగం మానేస్తారో ముందుగా చెప్పగల నమూనాను ఎంబీఏ ప్రాజెక్టుగా తయారుచేయవచ్చా అని మీరు అడిగారు. నగరంలోని ఒక పోలీసు కార్యాలయంలో సెలవులు, జీతాల బిల్లులు చూసే మినిస్టీరియల్ (గుమస్తా) ఉద్యోగిగా చాలాకాలం పనిచేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, రాజీనామాను కొలమానంగా పెట్టుకోకండి. రుషికొండ ఐటీ కంపెనీలకు అది సరిపోతుంది. కానిస్టేబుల్ ఉద్యోగాన్ని వదులుకునేవారు నేను చూసినంతలో అరుదు. వదిలినవారు కూడా ఎక్కువగా శిక్షణలో ఉండగానో, తొలి ఏళ్లలోనో ఎస్సైగానో, గ్రూప్-2కో ఎంపికై వెళ్లినవారే.

అభ్యర్థులు చేజారేది అంతకుముందే, నియామక ప్రక్రియలో. 2022 నవంబరులో రాష్ట్రంలో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు ప్రకటన వెలువడింది. 2023 జనవరి 22న జరిగిన ప్రాథమిక రాతపరీక్షకు నాలుగున్నర లక్షలకు పైగా హాజరుకాగా, సుమారు 95 వేల మంది అర్హులయ్యారు. ఎన్నికలు, కోర్టు వ్యాజ్యాల మధ్య దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివరికి గాని మొదలు కాలేదు. తుది రాతపరీక్ష 2025 జూన్ 1న జరిగింది. ఇంత విరామం తరువాత మైదానానికి రానివారిని, వచ్చి 1,600 మీటర్ల పరుగులో నిలవలేనివారిని ఒకే గడిలో వేస్తే విశ్లేషణ అక్కడే దారి తప్పుతుంది. మొదటివారు వేరే ఉపాధి వెతుక్కుని ఉండవచ్చు, రెండవవారికి సాధన కొరవడి ఉండవచ్చు. ఈ రెండింటికీ పరిష్కారాలు వేరు. దశకూ దశకూ మధ్య గడిచిన కాలాన్ని ప్రధాన చలరాశిగా తీసుకుని, మండలం, వయసు, స్త్రీ పురుష భేదం వారీగా సర్వైవల్ అనాలిసిస్ (ఎవరు ఎంతకాలం నిలిచి, ఎప్పుడు తప్పుకున్నారో లెక్కగట్టే గణాంక పద్ధతి) చేస్తే అది నియామక మండలికి నిజంగా పనికివచ్చే నివేదిక అవుతుంది.

ఉద్యోగంలో చేరినవారి విషయంలో సెలవుల రిజిస్టరును, బందోబస్తు డ్యూటీల పట్టికను పక్కపక్కన పెట్టి చూడండి. సింహాచలం చందనోత్సవం, గిరిప్రదక్షిణ, నౌకాదళ వేడుకలు, స్టేడియంలో క్రికెట్, వీటికి తోడు ప్రముఖుల పర్యటనలు: ఈ నగరంలో బందోబస్తు లేని నెల దాదాపు ఉండదు. 2019లో ప్రభుత్వం ప్రకటించిన వారానికొక రోజు సెలవు మొదట కోతపడేది ఇలాంటి రోజుల్లోనే. అలా సెలవులు కోల్పోయిన వారాల తరువాత మెడికల్ లీవు దరఖాస్తులు, బదిలీ విజ్ఞప్తులు పెరగడం నా బల్ల మీదే కనిపించేది, కానీ ఆ రెండు కాగితాలు వేర్వేరు సెక్షన్లకు వెళ్లేవి కాబట్టి ఎవరూ కలిపి చూసేవారు కారు. మరొక చిక్కు అటాచ్‌మెంట్. స్టేషను లెక్కలో ఉన్న మనిషి మరో కార్యాలయంలో పనిచేస్తుంటాడు. మంజూరైన పోస్టుల సంఖ్యను, జీతం తీసుకుంటున్నవారిని, ఆ రోజు నిజంగా డ్యూటీకి వచ్చినవారిని మూడు వేర్వేరు వరుసల్లో రాసుకోకపోతే మిగిలినవారిపై పడే భారం ఎప్పటికీ తేలదు.

డేటా అడిగేటప్పుడు పేర్లు, సిబ్బంది సంఖ్యలు తొలగించి ఇమ్మని కోరండి. ఫలితాన్ని కూడా స్టేషను స్థాయికే పరిమితం చేయండి; ఫలానా కానిస్టేబుల్ వెళ్లిపోయే అవకాశం ఇంత శాతం అని అధికారి చేతికిస్తే, అది అతని డ్యూటీ తగ్గించడానికి కాక అతన్ని అనుమానించడానికి వాడే ప్రమాదమే ఎక్కువ.