తెగిన వేలు మళ్ళీ మొలుస్తుందా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా, పదేళ్ళుగా బెంగళూరు పీణ్యలో ఉంటున్నాం. మా తమ్ముడు ప్రెస్ మెషిన్ మీద పనిచేస్తూ పోయిన ఏడాది కుడిచేతి రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు. వాడికి ఇరవై ఆరేళ్ళు. ఈమధ్య వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. సాలమాండర్ అనే జంతువుకి కాలు తెగినా మళ్ళీ వస్తుందట, అదే పద్ధతిలో మనుషులకీ స్టెమ్ సెల్స్‌తో, అంటే వేరే కణాలుగా మారగల మూలకణాలతో, వేళ్ళు తెప్పిస్తారట. అందులో ఉన్న నంబర్‌కి ఫోన్ చేస్తే రెండు లక్షలు చెప్పారు. అమ్మ గాజులు అమ్మేద్దామంటోంది. నిజంగా వస్తాయా? – ఒక అక్క, పీణ్య

జవాబు: ముందు ఆ గాజులు బీరువాలో పెట్టేయమని మీ అమ్మగారికి చెప్పండమ్మా. మొదలంటా తెగిపోయిన వేలిని మనిషికి మళ్ళీ మొలిపించే వైద్యం ఇవాళ ప్రపంచంలో ఎక్కడా లేదు. సాలమాండర్ గురించి ఆ వీడియోలో చెప్పింది మాత్రం నిజమే. నిజానికి అబద్ధాన్ని అంటుకట్టి అమ్ముతున్నారు కాబట్టి ఏది ఎంతవరకో విడదీసి చెప్తాను, మీ తమ్ముడికీ చదివి వినిపించండి.

సాలమాండర్ చూడటానికి బల్లిలా ఉంటుంది కానీ అది కప్పకి చుట్టం. ఒంటిమీద పొలుసులుండవు, చర్మం తడితడిగా ఉంటుంది. వాటిలోనే నీళ్ళలో ఎక్కువకాలం గడిపే కొన్ని రకాల్ని న్యూట్ అంటారు. వీటికి కాళ్ళు, తోక తిరిగి వస్తాయని ఇటలీ శాస్త్రవేత్త స్పల్లాంజానీ 1768లోనే రాశాడు. మనింట్లో బల్లి కూడా తోక తెచ్చుకుంటుంది కదా అంటారేమో, ఆ కొత్త తోకలో వెన్నుపూసలుండవు, మన చెవి డిప్పలో ఉండేలాంటి మెత్తటి ఎముక గొట్టంలా ఉంటుంది, అంతే. సాలమాండర్‌కి ఎముక, కండ, నరం, రక్తనాళాలు, వేళ్ళు అన్నీ పాతవాటిలాగే వచ్చేస్తాయి. న్యూట్‌లకైతే కంటి లెన్స్ కూడా వస్తుంది. జపాన్ న్యూట్‌ల కంట్లో లెన్స్‌ని 16 ఏళ్ళలో 18 సార్లు తీసి చూశారు, ప్రతిసారీ కొత్తది వచ్చింది, ముసలితనంలో వచ్చిన ఆఖరి లెన్స్ కూడా మొదటిదాని లాగే ఉందని 2011లో తేల్చారు. నాకు ఇది చదివిన ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఎలా జరుగుతుందంటే, కాలు తెగిన ఒక రోజులోపే చుట్టుపక్కల చర్మకణాలు జరిగి వచ్చి గాయాన్ని మూసేస్తాయి, కానీ మనకి పడినట్టు గట్టి మచ్చ పడదు. దాని కింద ఎముక దగ్గరి కణాలు, కండ దగ్గరి కణాలు తమ పనులు వదిలేసి మళ్ళీ పసితనంలోకి వెళ్ళినట్టు మారి ఒక చిన్న మొగ్గలా పోగవుతాయి. దీన్ని బ్లాస్టీమా అంటారు. అక్కడికి నరాలు చేరాలి, నరం లేకపోతే మొగ్గ ఎదగదు. మాక్రోఫేజ్ అనే తెల్లరక్తకణాలు కూడా ఉండాలి. ఆక్సోలోటల్ అనే మెక్సికో సాలమాండర్‌లో ఆ కణాల్ని తీసేసి చూస్తే కాలు మొలవలేదు, మనకి లాగే మచ్చ కట్టింది. 2013లో వచ్చిన పరిశోధన ఇది. ఇంకో సంగతి, ఆ మొగ్గలో ఉన్న కణాలన్నీ ఒకేలా కనిపించినా కండ నుంచి వచ్చినది కండే అవుతుంది, తన పుట్టుక మర్చిపోదు. దీన్ని 2009లో శాస్త్రవేత్త ఎలీ తనాకా బృందం చూపించింది.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇంకోటుంది. మణికట్టు దగ్గర తెగితే అరచెయ్యి, వేళ్ళు మటుకే వస్తాయి, భుజం దగ్గర తెగితే మొత్తం వస్తుంది. ఎక్కడ తెగిందో, ఎంత కట్టాలో, ఎక్కడ ఆపాలో కణానికి ఎలా తెలుస్తుంది? విటమిన్ ఎ నుంచి తయారయ్యే రెటినోయిక్ ఆమ్లం ఇక్కడ కీలకమని 1980ల నుంచీ తెలుసు. అది ఎక్కువైతే మణికట్టు దగ్గర తెగినచోట మళ్ళీ మోచెయ్యితో సహా పూర్తి చెయ్యి మొలుస్తుంది. మన ఒడిశాలో ఉత్కళ్ యూనివర్సిటీలో ప్రియంబద మహంతి హెజ్మాది బృందం తోకలు తెగిన కప్పపిల్లలకి విటమిన్ ఎ ఇస్తే తోక ఉండాల్సినచోట కాళ్ళు మొలిచాయి, 1992లో నేచర్ పత్రికలో అచ్చయింది. మన స్కూల్ పుస్తకాల్లో ఉండాల్సిన పని అది. 2025లో అమెరికాలో నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ వాళ్ళు ఇంకో ముడి విప్పారు. ఆక్సోలోటల్ చేతి చివర ఆ ఆమ్లాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఎక్కువ, భుజం దగ్గర తక్కువ, ఆ తేడాని బట్టే కణం తన చోటు గుర్తుపడుతుంది.

ఇది చదివి దయచేసి ఎవరూ విటమిన్ ఎ మాత్రలు మింగొద్దు. ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది, గర్భిణులకైతే కడుపులో బిడ్డకి అవకరాలు వస్తాయి.

మనిషి సంగతికొస్తే, చిన్నపిల్లలకి గోరు మొదలు మిగిలేలా వేలి కొస ఒక్కటే తెగినప్పుడు, కుట్లు వేసి మూసెయ్యకుండా కట్టుకట్టి ఉంచితే ఆ కొస తిరిగి పెరగడం డాక్టర్లు 1970లలోనే గమనించారు. మనకున్నది అంతవరకే. మీ తమ్ముడిలా కణుపులతో సహా పోతే మన ఒళ్ళు మచ్చ వేసి మూసేస్తుంది.

ఇక మీరు ఫోన్ చేస్తే రెండు లక్షలు చెప్పినవాళ్ళ గురించి. మన దేశంలో 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం స్టెమ్ సెల్స్‌ని మామూలు వైద్యంగా వాడేది కొన్ని రక్తసంబంధ జబ్బుల్లో చేసే బోన్ మ్యారో మార్పిడికి, అలాంటివాటికే. మిగతాదంతా ప్రయోగం, ప్రయోగమైతే సీటీఆర్‌ఐలో, అంటే మన దేశంలో వైద్య ప్రయోగాల్ని నమోదు చేసే రిజిస్టర్లో, నమోదై నంబర్ ఉండాలి, పాల్గొనేవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఆ నంబర్ అడగండి. రెండు లక్షలు అడిగారంటేనే విషయం తెలిసిపోతోంది.

అడగకపోయినా ఒక మాట. మీ తమ్ముడికి ఇ.ఎస్.ఐ. కార్డుంటే, పనిలో వేళ్ళు పోయినందుకు మెడికల్ బోర్డు లెక్కకట్టిన నష్టాన్ని బట్టి జీవితాంతం నెలనెలా డబ్బు వస్తుంది. ఏడాదైనా దానికి అప్లై చేయలేదేమో, వెంటనే కనుక్కోండి. కార్డు లేకపోతే చట్టప్రకారం యజమాని పరిహారం ఇవ్వాలి. గాజులు అమ్మి కట్టే డబ్బు కాదు, వాడికి రావాల్సిన డబ్బు గురించి తిరగండి.

ప్రశ్న: నేను యలహంక దగ్గర బీఎస్సీ జువాలజీ రెండో ఏడాది. న్యూట్ పిండాల మీద జర్మనీ శాస్త్రవేత్త స్పెమన్ ప్రయోగం చదివాం. మన దేశంలో న్యూట్‌లు ఉన్నాయా? ఇక్కడే ఉండి ఇలాంటి పరిశోధన చేయొచ్చా? – ఒక విద్యార్థిని

జవాబు: ఉన్నాయమ్మా, కానీ దక్షిణాదిన కాదు. డార్జిలింగ్ కొండల్లో హిమాలయన్ న్యూట్ ఉంటుంది, వానాకాలంలో గుడ్లు పెట్టడానికి చెరువుల్లోకి దిగుతుంది. దాన్ని ఎన్నో ఏళ్ళు తూర్పున ఉండే ఇంకో జాతితో కలిపి లెక్కేశారు, 2015లో వేరే జాతి అని తేల్చి టైలోటోట్రైటన్ హిమాలయానస్ అని పేరు పెట్టారు. మన పడమటి కనుమల్లో సాలమాండర్లకి బదులు సిసిలియన్లు ఉన్నాయి. కాళ్ళు లేని ఉభయచరాలవి, పెద్ద వానపాము అనుకుని జనం పొరబడతారు.

ఆ ప్రయోగాన్ని స్పెమన్‌ది అని మాత్రమే రాసుకోకు. తన చేతులతో చేసింది హిల్డె మాంగోల్డ్ అనే విద్యార్థిని. లేతరంగు న్యూట్ పిండంలోంచి చిన్న ముక్క తీసి ముదురురంగు న్యూట్ పిండం పొట్టవైపు అతికిస్తే అక్కడ రెండో పిండం తయారైంది, అదీ ఎక్కువగా ముదురురంగు కణాలతోనే, అంటే అతికించిన ముక్క పక్కవాటితో పని చేయించింది. ఇది 1924లో అచ్చయింది. అదే ఏడాది వంటింట్లో జరిగిన ప్రమాదంలో కాలి ఆమె చనిపోయింది, 25 ఏళ్ళకే. 1935లో నోబెల్ స్పెమన్‌కి వచ్చింది. పరీక్షలో ఆమె పేరు కూడా రాయి, మార్కులు వచ్చినా రాకపోయినా.

పరిశోధనకి న్యూట్ దొరకాల్సిన పనిలేదు. నీ కాలేజీకి దగ్గర్లోనే, జీకేవీకే క్యాంపస్‌లో ఉన్న ఇన్‌స్టెమ్ అనే పరిశోధన సంస్థలో ప్లనేరియా అనే చిన్న పురుగుల మీద పని జరుగుతోంది. దాన్ని ముక్కలు చేస్తే ముక్కముక్కకీ తల వస్తుంది. వేసవి ప్రాజెక్టులు ఏమైనా ఉన్నాయేమో ఇప్పట్నుంచే కనుక్కో.

ప్రశ్న: అంకుల్, నాకు ఆక్సోలోటల్ పెంచుకోవాలని ఉంది, షాపులో ఉంది. కొనుక్కోవచ్చా? – తొమ్మిదో తరగతి, మారతహళ్ళి

జవాబు: కొనకు నాన్నా. దానికి నీళ్ళు పదహారు నుంచి ఇరవై డిగ్రీల మధ్య ఉండాలి. ఏప్రిల్‌లో మన బెంగళూరే ముప్పై అయిదు దాటుతోంది, చిల్లర్ మెషిన్ లేకపోతే అది జబ్బుపడి చనిపోతుంది. అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉన్న జంతువు కాబట్టి 2024 నిబంధనల ప్రకారం మీ ఇంట్లోవాళ్ళు ప్రభుత్వం దగ్గర నమోదు కూడా చేయించాలి. దాని సొంతూరు మెక్సికో సిటీలోని సోచిమిల్కో కాలువలు. అక్కడ 1998లో చదరపు కిలోమీటరుకి 6,000 ఉండేవని లెక్కేస్తే 2014కి 36 మిగిలాయి, నీళ్ళు పాడైపోవడం, తెచ్చి వదిలిన చేపలు వాటి పిల్లల్ని తినేయడం వల్ల.

వానాకాలం మొదలయ్యాక మీ నాన్నగారితో కలిసి రాత్రిపూట దగ్గర్లో ఏదైనా చెరువు గట్టుకి వెళ్ళి కప్పల అరుపులు ఫోన్‌లో రికార్డు చేసి పంపు, ఏది ఏ కప్పో నేను చెప్తాను.