కారు సలహాలు: ఆయిల్ ఛాంబరు మార్చాలా, అతుకు వేయించాలా?

ప్రశ్న: నాది ఆరేళ్ల క్రితం కొన్న 1.2 లీటర్ల పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. పోయిన వారం నలుగురం కలిసి పెళ్లికి వెళ్తుంటే, రంగు కూడా వేయని ఒక స్పీడ్ బ్రేకరుకు కారు అడుగు గట్టిగా కొట్టుకుంది. మర్నాడు పొద్దున చూస్తే ఇంజిన్ కింద అరచేతంత ఆయిల్ మరక ఉంది. మీటరులో ఆయిల్ గుర్తున్న ఎర్ర దీపం వెలగలేదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ కింది గీతకు కాస్త పైనే ఉంది. సర్వీస్ సెంటర్‌వారు ఆయిల్ ఛాంబరు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) మార్చాలని చెప్పి, పన్నులతో కలిపి 9,650 రూపాయల అంచనా ఇచ్చారు: ఛాంబరు 3,800, మూడున్నర లీటర్ల ఆయిల్ 2,100, ఫిల్టరు 160, సీలెంటు 420, వాషరు 20, ఇంజిన్ ఫ్లష్ (లోపలి మడ్డి కడగడం) 950, లేబరు 2,200. మా ఊరి మెకానిక్ 1,500కే అతుకు వేస్తానంటున్నాడు. ఎవరి మాట వినాలి? బీమా క్లెయిమ్ చేయవచ్చా? క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, 35 శాతం ఉంది.
– ఒక పాఠకుడు, సత్తుపల్లి

జవాబు: మీరు డిప్‌స్టిక్ తీసి చూడటం చాలా మంచి పని. ఆయిల్ కింది గీతకు పైనే ఉండి, ఎర్ర దీపం వెలగలేదంటే, ఇంజిన్ ఆయిల్ లేకుండా తిరగలేదని ధైర్యంగా అనుకోవచ్చు. అదే దీపం వెలిగాక కూడా ‘ఇంకో రెండు కిలోమీటర్లే కదా’ అని నడిపి ఉంటే, క్రాంక్ బేరింగులు అరిగిపోయి, ఇంజిన్ పట్టేసి, లెక్క వేల నుంచి లక్షకు చేరేది. ఇప్పుడు మాత్రం బండిని స్టార్టు చేయకుండా, గ్యారేజీకి టోయింగ్ మీదనే పంపండి.

ఇక 1,500 సంగతి. మెకానిక్‌ను ఒకే ఒక్క ప్రశ్న అడగండి: ఛాంబరును దింపి అతుకు వేస్తాడా, దింపకుండానే వేస్తాడా? దింపకుండా పైపైన లప్పం ముద్ద పెడితే అది ఇల్లు చేరడానికి పనికొస్తుందేమో గానీ, వేడెక్కిన ఆయిలూ ఇంజిన్ అదురూ కలిసి దాన్ని నిలవనివ్వవు. దింపి వేస్తే ఉన్న ఆయిల్ పారబోసి కొత్తది పోయాలి, అంచుకు మళ్లీ సీలెంటు పట్టించాలి, బోల్టులన్నీ విప్పి బిగించాలి. అంటే మీ అంచనాలోని ఆయిల్, ఫిల్టరు, సీలెంటు, లేబరు ఖర్చులు ఎటూ తప్పవు. అతుకు వల్ల మిగిలేది ఛాంబరు ధరకూ వెల్డింగు కూలికీ ఉన్న తేడా మాత్రమే.

ఆ తేడా కోసం అతుకు వేయించడం మంచిదా కాదా అన్నది లోహాన్ని బట్టి ఉంటుంది. ఒక చిన్న అయస్కాంతం ఆనించి చూడండి. అంటుకుంటే అది రేకు ఛాంబరు. దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది, సన్నటి పగులైతే శుభ్రంగా వెల్డింగు చేయించుకోవచ్చు. అంటుకోకపోతే పోత పోసిన అల్యూమినియం. అది సొట్ట పడదు, పగులుతుంది. దానికి ఆర్గాన్ వెల్డింగు కావాలి, పగులులోకి ఇంకిన ఆయిలంతా పోయేదాకా కడగాలి, పైగా ఆ వేడికి ఇంజిన్‌కు ఆనే అంచు వంకర పోతే మళ్లీ కారుతుంది. అల్యూమినియమైతే నేను మార్చమనే అంటాను.

రేకు ఛాంబరైనా సొట్ట లోతుగా ఉంటే అతుకు వద్దు. ఛాంబరు అడుగుకు కాస్త ఎడంగా స్ట్రైనర్ అనే జల్లెడ మూతి ఉంటుంది, ఆయిల్ పంపు దాని ద్వారానే ఆయిల్‌ను పీల్చుకుంటుంది. రేకు పైకి లేచి ఆ మూతిని మూసేస్తే, ఛాంబరు నిండా ఆయిల్ ఉన్నా ఇంజిన్‌కు అందదు. అందుకే దింపిన రోజున మీరు దగ్గరుండి స్ట్రైనర్ వంగిందో లేదో చూడండి.

అంచనాలో నేను కొట్టేయమనేది ఇంజిన్ ఫ్లష్ ఒక్కటే. ఛాంబరు ఎలాగూ విప్పుతున్నారు కనుక అడుగున పేరుకున్న మడ్డి కంటికి కనిపిస్తుంది, గుడ్డతో తుడిస్తే పోతుంది. అప్పుడు లెక్క 8,700కు దిగుతుంది. లేబరు విషయంలో మాత్రం బేరమాడకండి: కొన్ని కార్లలో సైలెన్సర్ గొట్టాన్నో, సబ్‌ఫ్రేమునో దించితే తప్ప ఛాంబరు బయటికి రాదు. సీలెంటు ఆరడానికి ట్యూబు మీద రాసినంత సేపు ఆగకుండా ఆయిల్ పోసే తొందరే తర్వాత కారడానికి కారణమవుతుంది.

బీమా క్లెయిమ్ చేయవచ్చు, కానీ లెక్క వేసి చూడండి. ఐదేళ్లు దాటిన బండికి లోహ భాగాల మీద 40 శాతం తరుగు తీస్తారు, కనుక 3,800కు వచ్చేది 2,280. లేబరు 2,200 కలిపితే 4,480. అందులో 1,500 సీసీ లోపు కార్లకు తప్పనిసరి మినహాయింపు 1,000 పోగా చేతికి వచ్చేది 3,480. ఆయిల్, ఫిల్టరు వంటివి యాడ్-ఆన్ (అదనపు ప్రీమియం కట్టి తీసుకునే రక్షణ) ఉంటే తప్ప రావు. క్లెయిమ్ చేయకుంటే మీ బోనస్ వచ్చే రెన్యువల్‌కు 45, ఆపై ఏడాదికి 50 శాతం అవుతుంది. చేస్తే ముందు సున్నా, తర్వాత 20 శాతం. బోనస్ తీయకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మన బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగం) 6,000 అనుకుంటే, మొదటి ఏడాది 2,700, రెండో ఏడాది 1,800, మొత్తం 4,500 పోగొట్టుకుంటారు. సొంత డబ్బు పెట్టుకోవడమే లాభం.

ప్రశ్న: సర్వీసు చేయించినప్పటి నుంచి ఛాంబరు అడుగున పాత ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు దగ్గర చుక్క చుక్కగా ఆయిల్ కారుతోంది. ఛాంబరు మొత్తం మార్చాలంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: అంత తొందర అక్కర్లేదండీ. ముందు బోల్టు కింది వాషరు మార్చి చూడమనండి, పదుల రూపాయల పని. అది మార్చాక కూడా కారుతుంటే, బోల్టు బిగించేటప్పుడు గట్టిపడకుండా జారుతోందేమో గమనించమనండి. జారుతుంటే లోపలి మరలు పోయినట్టు. చాలా ఛాంబర్లకు పాత మరలు తొలిచి, కొత్త మరలున్న చుట్టు బిగించి బాగుచేయవచ్చు. ఆ పని చేసేటప్పుడు రాలే లోహపు పొడి ఛాంబరులో ఉండిపోకూడదు కనుక, ఆయిల్ మొత్తం తీసేసి, లోపల శుభ్రం చేశాకే కొత్త ఆయిల్ పోయించండి. మరల చుట్టూ పగులు కనిపిస్తేనే ఛాంబరు మార్చే మాట.