ఈబేలో చివరి సెకన్లలో వేలం చేజారడం గురించి

ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైట్‌లో పాత కెమెరాకు 60 డాలర్లతో ముందున్నాను, ఆఖరి మూడు సెకన్లలో ఎవరో 61కి తన్నుకుపోయారు అన్నారు కదా. అందులో మోసమేమీ లేదండీ. ఈబేలో మామూలుగా వేలం ముగిసే టైమ్ ముందే ఖాయం, ఎవరు పాడినా గడువు పెరగదు. అందుకే కొందరు స్నైపింగ్ సాఫ్ట్‌వేర్‌కి తమ గరిష్ఠ ధర చెప్పి పెడతారు. అది చివరి క్షణంలో బిడ్ (వేలం పాట) వేస్తుంది, మీకు పెంచే వ్యవధి దొరకదు.

ఇంకో రెండు డాలర్లు వేసుంటే నాదే అయ్యేదని బాధపడకండి. అవతలివారు 90 పెట్టి ఉండొచ్చు. ఈబే రెండో పెద్ద బిడ్‌కి, అంటే మీ 60కి, ఒక మెట్టు (ఇక్కడ ఒక డాలర్) కలిపి 61 అని చూపించింది, అంతే.

కొద్దికొద్దిగా పెంచడం మానేయండి. షిప్పింగ్ పోను మీరు నిజంగా ఇవ్వగలిగినంతా ఒకేసారి గరిష్ఠ బిడ్‌గా పెట్టండి. ఈబే మీ తరఫున అవసరమైనంతే పెంచుతుంది. స్నైపర్ ధర మీకంటే తక్కువైతే ఎంత చివర్లో వచ్చినా వస్తువు మీదే. సమానమైతే ముందు వేసినవారిది.